హౌస్‌ఫుల్ బోర్డు చూసి వెనక్కి తిరగొద్దు!

ఈ సాయంత్రం తిరుపతిలో సురభి వాళ్ల ‘మాయాబజార్’ నాటకం ఉందని మీకు మధ్యాహ్నం తెలిసిందనుకోండి. గబగబా యాప్ తెరిచారు. సీట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఒక్కటీ ఖాళీ లేదు.

ఇప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది ఫోన్ జేబులో పడేస్తారు. ‘మనకు రాసిపెట్టి లేదులే’ అనుకుంటారు. టీవీ ముందు కూర్చుంటారు.

మీరు అలా కూర్చోరు. ఈ పేజీ చదువుతున్నారంటేనే మీకు వెళ్లాలని ఉంది. ఇక కావాల్సింది పద్ధతి ఒక్కటే. ఆఖరి నిమిషంలో టికెట్ సంపాదించడం అదృష్టం మీద ఆధారపడిన పని కాదు. అదొక స్కిల్. పవర్‌లూమ్ షెడ్డు నడిపేవాళ్లయినా, కాలేజీ కుర్రాళ్లయినా, ఇంటి పని ముగించుకుని బయల్దేరే గృహిణులైనా నేర్చుకోవచ్చు.

మొదట ఒక్క విషయం మనసులో నాటుకోండి. టికెట్లు అమ్ముడుపోవడం వేరు, సీట్లు నిండడం వేరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మీ సీటు ఉంది.

ఖాళీ సీటు ఎక్కణ్నుంచి వస్తుంది?

పెద్ద నాటకం ఆడే ఏ హాల్లోనైనా కొన్ని సీట్లు మొదట్నుంచీ అమ్మకానికి పెట్టరు. స్పాన్సర్లకు పాసులు ఇస్తారు. ముఖ్య అతిథులకు ముందు వరసలు ఉంచుతారు. నటుల కుటుంబాలకు కొన్ని తీసిపెడతారు. సౌండ్ మిక్సరు, కెమెరాలు ఎక్కడ పెట్టాలో చివరిదాకా తేలదు కాబట్టి ఆ చుట్టుపక్కల కుర్చీలూ ఆపి ఉంచుతారు.

సాయంత్రానికి ఏమవుతుంది? ఒక అతిథి రారు. స్పాన్సర్ ఆఫీసులో సగం పాసులు టేబుల్ మీదే ఉండిపోతాయి. మిక్సరు వెనక గోడ దగ్గర సర్దుకుంటుంది. ఆ కుర్చీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి.

ఆన్‌లైన్‌లోనూ ఇదే కథ. ఎవరో సీటు ఎంచుకుంటారు, యూపీఐ ఫెయిలవుతుంది. ఆ సీటు కొన్ని నిమిషాలు లాక్‌లో ఉండి మళ్లీ బయటికొస్తుంది. ఇంకెవరో ఆరుగురికి బుక్ చేస్తారు, బయల్దేరే వేళకు ఒకరికి జ్వరం. ఆ ఒక్క టికెట్ ఎవరికివ్వాలా అని వాళ్లు గేటు దగ్గర నిలబడి దిక్కులు చూస్తుంటారు.

వాళ్లు చూస్తున్నది మీకోసమే. మీరు అక్కడ ఉండాలి. అంతే.

కాబట్టి టైమింగ్ ఇలా పెట్టుకోండి.

— ఆట రోజు ఉదయం: నిర్వాహకులు పాసుల లెక్క చూసుకునే వేళ. యాప్‌లో ఒకసారి, ఫోన్ చేసి ఒకసారి కనుక్కోండి.
— ఆటకు రెండు గంటల ముందు: కౌంటర్ తెరుస్తారు. మీరు అప్పటికే అక్కడ ఉండాలి.
— ఆఖరి పావుగంట: అసలు పని జరిగేది ఇక్కడే. ఈ పావుగంటలో కాఫీకి వెళ్లొద్దు, ఫోన్లో మునిగిపోవద్దు.

మన భారతం మిట్ట దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాం

ఇదంతా సిటీ వాళ్ల తెలివి అనుకోకండి. మన చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర, భారతం మిట్ట మీద మహాభారత ఉత్సవాలు జరుగుతాయి కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తెల్లవార్లూ ఆడతారు. టికెట్ ఉండదు. కానీ సీటు సమస్య మాత్రం ఉంటుంది! పొద్దుగూకక ముందే ముసలమ్మలు చాప తెచ్చి పరిచేస్తారు. తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చినవాడికి తలకాయలు తప్ప ఏమీ కనిపించవు.

కొందరు విసుక్కుని ఇంటికి పోతారు. కొందరు వెనకాల నిలబడతారు. అర్ధరాత్రి దాటుతుంది. పిల్లలు నిద్రకు ఊగిపోతారు. వాళ్లను భుజాన వేసుకుని తల్లులు లేస్తారు. మరుసటి రోజు పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్లు లేస్తారు. ముందు వరస ఖాళీ అవుతుంది. అప్పటిదాకా నిలబడ్డవాడు వెళ్లి సరిగ్గా రంగం ముందు కూర్చుంటాడు. వేషాలు రంజుగా సాగేదీ ఆ జాములోనే.

అర్జున తపస్సు రోజైతే మరీను. తపసుమాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతూ అర్జున వేషధారి పద్యాలు పాడుతుంటాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు మాను చుట్టూ ఉంటారు. ఆ జనంలో మంచి చోటు దొరికినవాళ్లను గమనించండి. వాళ్లు గట్టిగా తోసుకుని రాలేదు. ముందుగా వచ్చి నిలబడ్డారు, లేదా ఓపికగా చివరిదాకా ఉన్నారు. మధ్యలో వచ్చి మధ్యలో పోయినవాళ్లకే ఏమీ కనిపించలేదు.

ఈ ఓపిక మీ ఒంట్లో ఉంది. ఊళ్లో ఇది మీకు అలవాటే. సిటీ ఆడిటోరియం మెట్లెక్కగానే అదంతా మరిచిపోయి బిడియపడతారు, అంతే. ఆ బిడియాన్ని పక్కన పెట్టే పని ఇప్పుడు చేద్దాం.

ఒక్కరే వెళ్లండి

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి టికెట్ కాదు. ‘నాతో ఎవరొస్తారు?’ అన్న ప్రశ్న.

మనకు ఒంటరిగా ఏ వినోదానికైనా వెళ్లడం చిన్నతనం. స్నేహితుడికి ఫోన్ చేస్తాం. అతను బామ్మర్దిని అడుగుతానంటాడు. బామ్మర్ది సాయంత్రం చెప్తానంటాడు. సాయంత్రానికి నాటకం మొదలైపోతుంది.

ఆఖరి నిమిషంలో దొరికేవి దాదాపు ఎప్పుడూ ఒంటి సీట్లే. గుంపులుగా బుక్ చేసినవాళ్ల మధ్య మిగిలిపోయినవి. పక్కపక్కన నాలుగు కావాలంటే కౌంటర్లో మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఒక్కటి చాలంటే ఆలోచిస్తాడు.

ఇద్దరు వెళ్తున్నారా? ముందే ఒప్పందం చేసుకోండి: ‘విడివిడిగా కూర్చుంటాం. ఒకటే దొరికితే ఒకరు చూస్తారు, రెండోవారు నొచ్చుకోరు.’ భార్యాభర్తలైనా సరే. రెండున్నర గంటలు వేరువేరు వరసల్లో కూర్చుంటే కాపురానికి వచ్చే నష్టమేమీ లేదు. తిరుగు బస్సులో ఇద్దరూ చెప్పుకోవడానికి బోలెడు ఉంటుంది.

ఒంటరిగా వెళ్లే అలవాటు ఒకసారి వచ్చిందంటే దాని లాభం నాటకంతో ఆగదు. ఇంటర్వ్యూకు ఒక్కరే వెళ్తారు. కొత్త ఊరికి ఒక్కరే వెళ్తారు. బ్యాంకు మేనేజరుతో ఒక్కరే కూర్చుని మాట్లాడతారు. ఇష్టమైన పని కోసం ఒక్కరే నాలుగడుగులు వేయగలనన్న నమ్మకం చిన్నచిన్న చోట్లే మొదలవుతుంది. ఒక నాటకం దానికి చాలా మంచి చోటు.

అడగడం నేర్చుకోండి

ఇప్పుడు మీరు కౌంటర్ ముందున్నారు. ‘హౌస్‌ఫుల్’ బోర్డు వేలాడుతోంది. లోపల మనిషి అలిసిపోయి ఉన్నాడు. అప్పటికే వందమందికి ‘లేవు’ అని చెప్పి ఉంటాడు.

ఇక్కడ మనవాళ్లు రెండు రకాలుగా పాడుచేసుకుంటారు. ఒకరు గొణుగుతారు: ‘టికెట్లు లేవా... సరే...’ అని వెనక్కి తిరుగుతారు. ఇంకొకరు గొంతు పెంచుతారు: ‘మేం నగరి నుంచి ఇంత దూరం వచ్చినాం, ఏంది మీ యవ్వారం?’ అని. మొదటివారిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. రెండోవారిని గుర్తుపెట్టుకుంటారు, సీటు ఇవ్వకూడదని!

మీరు మూడో రకం. ఇలా అడగండి:

‘అన్నా, నమస్తే. నేనొక్కణ్నే. నగరి నుంచి వచ్చినా. ఎవురన్నా రాకపోతే ఒక సీటు కావాల. ఎక్కడైనా ఫర్వాలేదు, చివరి వరసైనా సరే. నేను ఆ స్తంభం కాడ ఉంటా.’

ఈ నాలుగు మాటల్లో ఎంత పని జరిగిందో చూడండి. ఎన్ని సీట్లు కావాలో తెలిసింది. ఎంత సర్దుకుంటారో తెలిసింది. ఎక్కడ ఉంటారో తెలిసింది. అతని మీద ఒత్తిడి పెట్టలేదు. అతను ‘లేదు’ అనాల్సిన అవసరమే రాలేదు, ‘చూద్దాం’ అంటే సరిపోతుంది.

చెప్పిన తర్వాత నిజంగా ఆ స్తంభం దగ్గరే ఉండండి. ఇది చాలా ముఖ్యం. అతను తలెత్తి చూసినప్పుడు మీరు కనిపించాలి. పావుగంటకోసారి వెళ్లి ‘ఏమైందన్నా’ అని అడక్కండి. ఒకసారి కళ్లు కలిపి చిన్నగా నవ్వితే చాలు.

కౌంటర్లో అమ్మాయి ఉంటే ‘మేడమ్’ అనండి, వయసులో పెద్దావిడైతే ‘అమ్మా’ అనండి. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషిని కూడా పలకరించండి. ఏ కుర్చీలు ఖాళీగా ఉన్నాయో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. చాలామంది ఆయన్ను మనిషిగా కూడా చూడరు. మీరు చూడండి. టికెట్ కోసమే కాదు, అది మంచి అలవాటు.

‘లేదు’ అన్న మాట వినగానే గుండె జారుతుంది కదా? దానికి ఒక సింపుల్ ప్రాక్టీసు ఉంది. రోజుకు ఒకసారి, ‘లేదు’ అనే అవకాశం ఉన్న ఒక చిన్న కోరిక ఎవరినైనా అడగండి. హోటల్లో ఇంకాస్త చట్నీ. బస్సులో కిటికీ సీటు. బట్టల షాపులో ఇంకో పది రూపాయలు తగ్గింపు. వాళ్లు ‘లేదు’ అంటే నవ్వి ‘సరే అన్నా’ అనండి. కొన్ని వారాల్లో ఆ మాటకు మీ లోపల వణుకు పోతుంది. అప్పుడు ఏ కౌంటర్ ముందైనా నిలబడగలరు.

ఫోన్ సిద్ధంగా ఉంచుకోండి

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. చేసేయండి.

— టికెట్ యాప్‌లో ముందే లాగిన్ అయి ఉండండి. ఓటీపీ కోసం వెతుక్కునేలోపు సీటు పోతుంది.
— రెండు పేమెంట్ దారులు ఉంచుకోండి. యూపీఐ ఒకటి, కార్డు ఒకటి. జేబులో కొంత నగదు కూడా. కౌంటర్లో అప్పుడప్పుడూ క్యాషే పనిచేస్తుంది.
— ‘2 సీట్లు’ అని వెతికి లేవని వదిలేయకండి. ‘1’ అని మార్చి చూడండి.
— డబ్బు కడుతున్నప్పుడు బ్యాక్ బటన్ నొక్కకండి.
— పవర్ బ్యాంక్ తెచ్చుకోండి. క్యూఆర్ కోడ్ చూపించాల్సిన వేళకు ఫోన్ చచ్చిపోతే మీ కష్టమంతా వృథా.

ప్రపంచమంతా చివరి సీట్లు దాచిపెడుతుంది

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాల టికెట్లు చాలా ఖరీదు. అయినా అక్కడ టైమ్స్ స్క్వేర్ దగ్గర 1973 నుంచి ‘టీకేటీఎస్’ అని ఒక బూత్ నడుస్తోంది. ఆ రోజు ఆటకు మిగిలిన టికెట్లు బాగా తగ్గించి అమ్ముతారు. జనం వరసలో నిలబడి కొనుక్కుంటారు.

1996లో ‘రెంట్’ అనే మ్యూజికల్ వచ్చింది. డబ్బున్నవాళ్లే ముందు కూర్చుంటారు కదా, ఆ నాటకం వాళ్లు దాన్ని తిరగేశారు. ముందు రెండు వరసల సీట్లు ఆట రోజునే, 20 డాలర్లకే ఇచ్చారు. కుర్రాళ్లు పేవ్‌మెంట్ మీద గంటల తరబడి కాచుకున్నారు. జనం మరీ పెరిగిపోయాక లాటరీ పెట్టారు. తర్వాత 2015లో ‘హామిల్టన్’ అనే మ్యూజికల్ 10 డాలర్లకే లాటరీ టికెట్లు ఇచ్చింది. తిరుమల ఆర్జిత సేవలకు లక్కీ డిప్‌లో పేరు వేసే మనకు ఈ పద్ధతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పేరు నమోదు చేసుకున్నవాళ్లకే పేరు వచ్చే అవకాశం. అమెరికాలో మీ అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ సంగతి చెప్పండి. ఖర్చుకు జంకి నాటకాలు మానేసిన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉంటారు.

వియన్నా స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు ఉన్నాయి. లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్లో రంగం ముందే నిలబడి చూడొచ్చు, కొద్ది పౌండ్లే. ఇలాంటి థియేటర్లు ఒక విషయం ఒప్పుకున్నట్టే: ఆఖర్న వచ్చినవాళ్లలోనే నాటకం అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉంటారు.

మన దగ్గర ఇంత ఏర్పాటు లేదు. మన ఆడిటోరియాలు రోజూ కొన్ని సీట్లు విద్యార్థుల కోసం ఆట వేళకు తక్కువ ధరకు ఇస్తే ఎంత బాగుంటుంది! నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మొదలుపెట్టండి. రెండు వరసలు చాలు.

నగరి నుంచి ఎటు వెళ్లాలి?

నగరివాళ్లారా, మీరున్న చోటు అదృష్టమైన చోటు. ఇటు పుత్తూరు మీదుగా తిరుపతి, అటు తిరుత్తణి మీదుగా చెన్నై. రెండు నాటకరంగాలకు మధ్యలో ఉన్నారు.

తిరుపతిలో టీటీడీ వాళ్ల మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. అక్కడ చాలా కార్యక్రమాలకు టికెట్టే ఉండదు. టికెట్ లేని ఆటకు ఆఖరి నిమిషం పనికిరాదు, భారతం మిట్ట పద్ధతే: గంట ముందు వెళ్లి కూర్చోవాలి. ఉచితమే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు బయట నిలబడతారు.

సురభి వాళ్ల ఆట మన వైపు ఎక్కడ పడినా వదలకండి. ఇది మన రాయలసీమ సొత్తు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టారు. తరాలు మారాయి, కుటుంబాలు పెరిగాయి, ఆట ఆగలేదు. ఆ కుటుంబాల్లో పిల్లలు నడక నేర్చేలోపే రంగం మీదికి వస్తారు. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వస్తాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. బాణాలు గాల్లో ఢీకొంటాయి. కంప్యూటర్లేమీ లేవు. తీగలు, తాళ్లు, తెర వెనక మనుషుల చేతులు.

అందుకే సురభికి మాత్రం నా సలహా ఇది: ముందు వరస దొరకలేదని బాధపడకండి. ఆ రంగుల తెరలు, ఆ గాల్లో విన్యాసాలు కాస్త వెనక నుంచి చూస్తేనే నిండుగా కనిపిస్తాయి. ఆఖరి నిమిషంలో దొరికే వెనక సీటు ఇక్కడ మేలే చేస్తుంది. ఇంకో సంగతి. సురభి వాళ్లు ఒక ఊరికి వస్తే తరచుగా వరసగా కొన్ని రోజులు ఆడతారు, రోజుకొక నాటకం. ఆదివారం ‘మాయాబజార్’కు తోపులాట ఉంటే, మంగళవారం ‘భక్త ప్రహ్లాద’కు తేలిగ్గా దొరకొచ్చు. పేరున్న ఆట ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. అదే బృందం, అదే నైపుణ్యం.

చెన్నైకి వస్తే భాష మనకు అడ్డు కాదు. నగరిలో పెరిగిన ఎవరికి తమిళం రాదు? టి.నగర్‌లో వాణీ మహల్ ఉంది. తమిళ నాటకాలు అక్కడ ఆడుతుంటారు. ఆ హాలును నడిపే సభను స్థాపించింది ఎవరో తెలుసా? మన చిత్తూరు నాగయ్య గారు! చిత్తూరు రామవిలాస సభలో రంగస్థలం మీద పాడి, ఆడి, తర్వాత సినిమాల్లో వెలిగి, మద్రాసులో కళల కోసం ఒక సభను నిలబెట్టిన మనిషి. ఆ హాల్లోకి అడుగుపెట్టేటప్పుడు పరాయి ఊరికి వచ్చామన్న జంకు మీకు అక్కర్లేదు. డిసెంబర్ సంగీత సీజన్లో అయితే చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు ప్రవేశం ఉచితం. సాయంత్రం టికెట్ దొరకనివాళ్లు మధ్యాహ్నమే వెళ్లి యువ కళాకారులను వినొచ్చు. రేపటి పెద్ద పేర్లు అక్కడే ఉంటాయి.

బెంగళూరు కొంచెం దూరం, పొద్దున్నే బయల్దేరాలి. కానీ జేపీ నగర్‌లో ‘రంగశంకర’ కోసం ఒక్కసారైనా వెళ్లండి. కన్నడ నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకంగా ఆయన భార్య అరుంధతీ నాగ్ గారు నిలబెట్టిన థియేటర్, 2004లో మొదలైంది. అక్కడ నియమం గట్టిది: నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపరు. టికెట్ చేతిలో ఉన్నా సరే. ముంబయిలో శశికపూర్, జెన్నిఫర్ దంపతులు 1978లో మొదలుపెట్టిన పృథ్వీ థియేటర్లోనూ ఇదే క్రమశిక్షణ. ఇప్పుడు ఆలోచించండి. బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ల సీట్లు ఖాళీగా ఉంటాయి. ఆ సీట్లు ఎవరికి దక్కుతాయి? గంట ముందు వచ్చి, కౌంటర్లో పేరు చెప్పి, ఓపికగా నిలబడ్డవారికే దక్కొచ్చు. టైముకు రావడం అనే ఒక్క అలవాటే అక్కడ టికెట్.

ఎటు వెళ్లినా ఒక పని మరవొద్దు. తిరుగు బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. చివరి బస్సు గురించి బెంగపడుతూ కూర్చుంటే నాటకం ఒంటబట్టదు. తిరుపతి నుంచైనా, చెన్నై నుంచైనా రైలు, బస్సు రెండు దారులూ చూసిపెట్టుకోండి. ఇంట్లో చెప్పి రండి: ‘రాత్రి ఆలస్యమవుతుంది, ఎదురుచూడకుండా తినేయండి.’

ఈ ఒక్క పని మాత్రం వద్దు

బ్లాక్‌లో కొనకండి. నేను దీని మీద రాజీ పడను.

గేటు పక్కన ఒకడు వచ్చి ‘రెండొందల టికెట్టు వెయ్యి’ అంటాడు. వాట్సాప్‌లో ఎవరో క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ పంపి ‘డబ్బు కొట్టు’ అంటారు. అదే స్క్రీన్‌షాట్ ఇంకెంతమందికి పంపాడో మీకు తెలియదు. ఒక కోడ్ ఒక్కసారే స్కానవుతుంది. ముందు వెళ్లినవాడు లోపలికి, మీరు బయటికి. పైగా మీరిచ్చిన ఆ అదనపు డబ్బులో ఒక్క రూపాయీ నటుడికి చేరదు. రంగు పూసుకుని రెండున్నర గంటలు చెమటోడ్చేది ఒకరు, లాభం ఇంకొకరికా?

మిగిలిపోయిన టికెట్ ఎవరైనా మీకు అమ్మితే దాని మీద ఉన్న ధరకే తీసుకోండి. వీలైతే వాళ్లతో కలిసి గేటు దాటాకే డబ్బు ఇవ్వండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

రేపు మీ దగ్గరే ఒక టికెట్ మిగిలితే? బయట స్తంభం దగ్గర ఎవరో నిలబడి ఉంటారు. వాళ్లకు అసలు ధరకే ఇవ్వండి. విద్యార్థి అయితే ఊరికే ఇచ్చేయండి.

దొరకలేదు. ఇప్పుడేం చేద్దాం?

ఇలా కూడా జరుగుతుంది. అన్నీ సరిగ్గా చేసినా లోపల బెల్లు మోగుతుంది, తలుపులు మూస్తారు, మీరు బయటే ఉంటారు. ఆ క్షణంలో మీరు ఎలా ఉంటారన్నదే మీ వ్యక్తిత్వం.

ముఖం చిన్నబుచ్చుకోకండి. కౌంటర్ దగ్గరికి వెళ్లి మూడు పనులు చేయండి.

మొదటిది, థ్యాంక్స్ చెప్పండి. ‘ఫర్వాలేదన్నా, మీరు చూసినారు కదా.’ టికెట్ దొరకనివాడు థ్యాంక్స్ చెప్పడం ఆ మనిషి ఎప్పుడో గానీ వినడు.

రెండోది, తర్వాతి ఆట ఎప్పుడో, టికెట్లు ఏ రోజు వదులుతారో అడగండి. కనిపిస్తే నిర్వాహకుల్లో ఒకరి నంబరు తీసుకోండి.

మూడోది, వాలంటీర్లు కావాలా అని అడగండి. కుర్చీలు సర్దడానికి, పెద్దవాళ్లను సీటు దాకా తీసుకెళ్లడానికి, కరపత్రాలు పంచడానికి నాటక సంస్థలకు ఎప్పుడూ మనుషులు తక్కువే. సెలవురోజు మీరు రెండు గంటలు సాయం చేస్తే, నాటకం చూడటం మాత్రమే కాదు, తెర వెనక మేకప్ ఎలా వేస్తారో, హార్మోనియం శృతికి గొంతు ఎలా సరిచూసుకుంటారో దగ్గర్నుంచి చూస్తారు. టికెట్ కొన్న ఎవరికీ అది దక్కదు.

ఇంటికి వెళ్లాక డైరీలో రెండు లైన్లు రాయండి: ఏ టైముకు వెళ్లాను, ఎక్కడ ఆలస్యమైంది, ఈసారి ఏం మారుస్తాను. అంతకుమించి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

దొరికిందా? అయితే ఇవి చూసుకోండి

కౌంటర్లో మనిషి చెయ్యెత్తి పిలిచాడు. టికెట్ చేతిలో పడింది. ఇప్పుడు పరుగెత్తకండి. నీళ్లు తాగండి. ఫోన్ సైలెంట్‌లో కాదు, పూర్తిగా ఆఫ్ చేయండి. చీకట్లో మెరిసే ఒక్క స్క్రీను పది మంది చూపును లాగేస్తుంది, రంగం మీద నటుడికీ కనిపిస్తుంది.

మీ సీటు వరస మధ్యలో ఉంటే మోకాళ్లు తగలకుండా, ‘కొంచెం జరుగుతారా అండీ’ అంటూ వెళ్లండి. పక్కవారిని పలకరించండి. వాళ్లు తరచూ వచ్చేవాళ్లయి ఉంటారు. ఏ బృందం ఎప్పుడు ఏ ఊరు వస్తోందో వాళ్లకు తెలుసు. ఈసారి వాళ్ల గుంపులో ఒకరు రాకపోతే ఫోన్ మీకే వస్తుంది.

పద్యం బాగుంటే చప్పట్లు కొట్టండి. గట్టిగా కొట్టండి. ‘వన్స్ మోర్’ అనే అలవాటు మన పద్యనాటకాలది. ఆ హాల్లో అది నడుస్తుంటే మీరూ అనండి, నడవకపోతే ఊరుకోండి.

ఆట అయ్యాక బయటికొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర ఆగండి. ‘అన్నా, సీటు బాగుండింది. మళ్లీ ఆట ఎప్పుడు?’ అని అడగండి. ఆయన చెప్పిన తేదీని అక్కడే ఫోన్ క్యాలెండర్లో వేసుకోండి, రెండు రోజుల ముందు అలారంతో సహా.